వాడికి నొప్పి తెలుగులోనే వచ్చేది

పోయిన నెల పళ్ల డాక్టరు నా దవడలోకి ఏదో ఇనుప సామాను దించి, "వలిక్కుదుంగళా?" అని అడిగాడు. నొప్పిగా ఉందా అని. ప్రాణం పోయేలా ఉంది. "ఇల్లీంగ" అన్నాను. లేదండి అని. ఆయన నా మాట నమ్మి ఇంకాస్త లోపలికి వెళ్లాడు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, పైకప్పు చూస్తూ, ఆయన వంశాన్నంతా మనసులో తెలుగులో తలుచుకున్నాను. అప్పుడు గుర్తొచ్చాడు వాడు, నా స్నేహితుడు. వాడు గుర్తొస్తే నాకు ముందు దుఃఖం రాదు, కోపం వస్తుంది. దుఃఖం వెనక బస్సులో వస్తుంది.

మాది కోయంబత్తూరు. తెలుగు మా ఇంటి భాష. మా పెద్దలు ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో ఎవరిని అడిగినా ఒక కథ చెబుతారు, ఇద్దరిని అడిగితే రెండు. బడి తమిళం, కాలేజి ఇంగ్లీషు, బస్సూ కొట్టూ పెళ్లిపత్రికా మళ్లీ తమిళం. తెలుగు గడప లోపలి మాట. మాలో చాలామందికి చదవడం, రాయడం రాదు. నేను పెద్దయ్యాక పంతం కొద్దీ నేర్చుకున్నాను. వాడు నేర్చుకోలేదు. అంటే బతికి ఉన్నా ఇది చదవలేకపోయేవాడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

పొడుగు మనిషి. గుమ్మం ఎంత ఎత్తున్నా తల వంచి లోపలికి వచ్చేవాడు. గుమ్మానికి కూడా మర్యాద ఇస్తున్నట్టు ఉండేది. కోయంబత్తూరు దాటాక అన్నూరు పక్కన ఇల్లు కట్టుకుని, అక్కడే నాలుగు మగ్గాలు పెట్టుకుని తువాళ్లు నేయించేవాడు. ఎవరింటికి వెళ్లినా, చేతులు కడుక్కున్నాక వాళ్లిచ్చిన తువాలు అంచు బొటనవేలితో ఒకసారి రుద్దేవాడు. పైకి మాత్రం "రొంబ నల్లా ఇరుక్కుంగ" అని తమిళంలో మెచ్చుకునేవాడు. నాతో, అదే గొంతుతో, అదే నవ్వుతో, తెలుగులో: "గోనెపట్టరా ఇది. మొహానికి పెట్టబాక, తోలు లేస్తాది."

అదీ మా ఏర్పాటు. లోకానికి తమిళం, నిజానికి తెలుగు. పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని, వడ్డించేవాడి వైపు నవ్వుతూ, సాంబారు గురించి మేం మాట్లాడుకున్నవి అచ్చు వేస్తే ఏ వంటవాడూ మళ్లీ గరిటె పట్టడు. ఒకసారి వడ్డించేవాడు "నాకూ అట్లనే అనిపించిందండి" అని తెలుగులో అన్నాడు. కోయంబత్తూరులో ఇలాంటి ప్రమాదాలు ఉంటాయి. వాడు ఏమాత్రం తొణక్కుండా, "అయితే నువ్వు తినబాక నాయినా, మాకే వేసెయ్" అన్నాడు.

కాలేజీ రోజుల్లో ఒకసారి అన్నూరు రోడ్డు మీద ఎదురుగా లారీ వచ్చింది, వాడు బండి పక్కకు తిప్పాడు, ఇద్దరం కలిసి ముళ్లకంపలో పడ్డాం. లారీ ఆపి డ్రైవరు పరిగెత్తుకుని వచ్చాడు. దెబ్బ తగిలిందా అన్నాడు. వాడు ముళ్లలోంచి లేచి, పంచె సర్దుకుని, "ఒన్నుమిల్లీంగణ్ణా, నీంగ పోంగ" అన్నాడు. ఏమీ లేదన్నా, మీరు వెళ్లండి అని. వెళ్లండి అనడమే కాదు, దారికి అడ్డం వచ్చినందుకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. లారీ కదిలింది. వాడు పెదవులు కదలకుండా నాతో అన్నాడు: "ఒరే, చెయ్యి ఇరిగినట్టుండాది. ఆయప్ప అద్దంలో చూస్తాండాడేమో. నవ్వరా."

నవ్వాను. లారీ మలుపు తిరిగాక వాడు రోడ్డు మీద కూర్చుని బండబూతులు తిట్టాడు. తిట్లన్నీ తెలుగే. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఇదంతా అప్పట్లో నాకు గొప్ప వేళాకోళంగా ఉండేది. ఆసుపత్రిలో అంత అనిపించలేదు.

మెడ కింద గడ్డలు వచ్చాయి. చాలాకాలం "పంటి పోటు" అన్నాడు, పళ్లన్నీ బాగున్నా. చివరికి వాడి భార్య గొడవపడి తీసుకువెళ్లింది. ఆమెను నేను మా ఊరి అలవాటు ప్రకారం అమ్మణి అని పిలుస్తాను, ఆమె నన్ను అన్నా అంటుంది. పరీక్షలన్నీ చేసి, అది ఒక రకం క్యాన్సరు అనీ, ఈ రకం మందుకు లొంగుతుందనీ, చాలామంది బాగుపడి ఇంటికి వెళతారనీ చెప్పారు. ఆ మాటే నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు. లొంగని జబ్బయితే నాకింత కోపం ఉండేది కాదు.

పగలు మగ్గాలు చూడకపోతే కుదరదు కాబట్టి అమ్మణి సాయంత్రాలు వచ్చేది. పగలు నేను. అప్పటికి నా కాలేజి ఉద్యోగం అయిపోయింది. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. నా పాఠంలో పిల్లలు నిద్రపోవడం చూసీ చూసీ, మంచం పక్కన కుర్చీలో కూర్చోవడం నాకు కొత్తగా అనిపించలేదు.

వాడు ఆ గదిని మూడో రోజుకల్లా తన ఇల్లు చేసేసుకున్నాడు. ఊడ్చే ఆమె వస్తే "వాంగమ్మా", రండమ్మా అని, రక్తం తీసుకునే కుర్రది వస్తే "వాంగ, ఉక్కారుంగ", కూర్చోండి అని. వాళ్ల దుప్పటి, వాళ్ల మంచం, వాళ్ల సూది, మర్యాద మాత్రం వీడిది. డాక్టరమ్మ వస్తే ఇక చెప్పక్కర్లేదు. చిన్నది, తమిళ పిల్ల, తెలివైనది, ముఖంలో ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేది. ఆమె గుమ్మంలో కనపడగానే వీడు చేతికి సెలైన్ గొట్టంతోనే లేచి నిలబడేవాడు. ఆమె కూర్చోమనేది. మీరు నిలబడితే నేనెట్లా కూర్చునేది అనేవాడు. చివరికి ఆమె నా కుర్చీలో కూర్చునేది, వాడు మంచం మీద కూర్చునేవాడు, నేను నిలబడేవాణ్ణి. రోజూ ఇదే.

"నొప్పి ఎలా ఉంది? పదికి ఎంత?" అని తమిళంలో అడిగింది ఒకరోజు.

వాడు దుప్పటి అంచు బొటనవేలితో ఒకసారి రుద్దాడు. "మిగతావాళ్లు ఎంత చెబుతారమ్మా?"

"కొందరు అయిదు అంటారు. కొందరు ఎనిమిది."

"అయితే నాకు రెండు వేసుకోండి."

మార్కెట్లో బేరం ఆడినట్టు రెండుకు కుదుర్చుకుని, కాఫీ తాగి వెళ్లమన్నాడు. ఆమె నవ్వుతూ వెళ్లిపోయింది. తలుపు పడింది. వాడు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. అప్పుడు మొదలైంది అసలు వైద్యం.

"ఒరే, అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండతా ఉండాదిరా. వేళ్లకు స్పర్శ లేదు. నోట్లో అంతా పుండ్లు. పొద్దున్న ఇడ్లీ తిన్నానంటి చూడు, అబద్దం. కిటికీలో కాకికి వేసేసినా."

"ఇదంతా ఆమెకు చెప్పడానికి ఏం రోగంరా నీకు?"

"నువ్వే చెప్పితివి కదా, క్యాన్సరంట."

"నవ్వొద్దు. ఆమె అడిగిందా లేదా?"

"అడిగింది పాపం. అంత దూరం మెట్లెక్కి మనల్ని చూడను వచ్చింది. వచ్చినోళ్లకాడ ఏడస్తారా ఎవరైనా?"

"ఆమె చుట్టంగా రాలేదురా, డాక్టరుగా వచ్చింది."

"ఎట్లొస్తే ఏమి, వచ్చింది కదా."

డాక్టరుకూ తమిళం వచ్చు, రోగికీ తమిళం వచ్చు. నా ఎరికలో ఇద్దరికీ చెవుడు లేదు. అయినా ఇద్దరి మధ్యా ఒక దుబాసి కావలసి వచ్చింది. తమిళంలో వాడికి ఒంట్లో ఏ బాధా లేదు. తమిళంలో వాడంత ఆరోగ్యవంతుడు ఆ అంతస్తులో లేడు. నొప్పి తెలుగులోనే వచ్చేది, అదీ తలుపు మూశాక, అదీ నాకు ఒక్కడికే. అమ్మణికి కూడా చెప్పేవాడు కాదు. ఆమె దగ్గర తెలుగులోనే బాగున్నాననేవాడు. అది వేరే విద్య.

కొన్నాళ్లు ఓర్చుకున్నాను. గుమ్మం బయట నర్సును ఆపి, గొంతు తగ్గించి చెప్పి చూశాను. ఆమె లోపలికి వచ్చి వాడినే అడిగేది. వాడు "ఒన్నుమిల్లీంగ" అనేవాడు. ఆమె నా వైపు జాలిగా చూసేది, నాకే ఏదో ఒంట్లో బాగాలేనట్టు.

ఆ తరవాత ఒక ఉదయం డాక్టరమ్మ కాస్త గట్టిగానే అడిగింది. కాళ్లలో మంట గానీ తిమ్మిరి గానీ ఉందా, ఉంటే మందు మార్చాలి, దాచకూడదు అంది. వాడు చిరునవ్వుతో "ఇల్లీంగ" అన్నాడు. నేను నిలబడే ఉన్నాను కదా, ముందుకు వచ్చి, వారం రోజులుగా విన్నదంతా తమిళంలో వరసగా అప్పజెప్పాను. అరికాళ్లు, వేళ్లు, పుండ్లు, కాకి, ఇడ్లీ, ఏదీ వదలలేదు. నా సర్వీసులో ఏ పాఠమూ అంత స్పష్టంగా చెప్పి ఉండను.

ఆమె వాడి వైపు తిరిగింది. "నిజమా?"

"సారు కాలేజీ వాధ్యారమ్మా" అన్నాడు వాడు, పంతులన్న ఆ మాటను ఎంతో ప్రేమగా పలికి. "ఏదైనా కొంచెం పెద్దది చేసి చెబితేనే ఆయనకు తృప్తి."

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రోగిని నమ్మాలా, పక్కనున్నవాడిని నమ్మాలా అని ఏ పుస్తకంలోనూ చెప్పి ఉండరు. చివరికి సగం నమ్మింది. ఏదో ఒక మందు తగ్గించి, నోటికి పుక్కిలించే నీళ్లు రాసి వెళ్లింది.

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే అన్నాడు:

"ఇంట్లో మాట్లాడుకునింది తీసకపోయి వీదిలో పెట్టేస్తివి."

"వీధి కాదురా ఇది, ఆసుపత్రి."

"మన మాట కదరా అది. నీకని చెప్పినా. ఊరికని చెప్పినానా?"

"చెప్పకపోతే చస్తావురా!"

"ఉండనీ."

మధ్యాహ్నం భోజనం వచ్చింది. వాడు లేచి కూర్చుని, నా వైపు చూసి, "నీంగ సాప్టీంగళా సార్?" అన్నాడు. మీరు భోంచేశారా సార్ అని.

మొదట వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆ రోజు నుంచి నాతో తెలుగు మానేశాడు. నర్సుతో, డాక్టరుతో ఎలాగో నాతోనూ అలాగే, వాంగ, పోంగ, చొల్లుంగ, అన్నీ అండీలే. నలభై ఏళ్ల స్నేహంలో వాడు నన్ను గౌరవించడం అదే మొదలు. అంతకన్నా పెద్ద శిక్ష వాడికి తెలిసి ఉండదు. నాకూ తెలియదు. తిడితే బాగుండేది. నాక్కూడా పౌరుషం ఉంది కాబట్టి నేనూ తమిళంలోనే జవాబు చెప్పడం మొదలుపెట్టాను. అమ్మణి సాయంత్రం వచ్చి కాసేపు విని, టిఫిను డబ్బా ఠక్కున కింద పెట్టింది.

"ఏం కూత్తు, ఏం నాటకం కడతా ఉండారు ఇద్దరూ? మనలో మనం అరవం మాట్లాడేదేంది?"

"ఆయన్నే అడుగమ్మా" అన్నాడు వాడు, ఆమెతో తెలుగులో. ఆయన అంటే నేను.

అసలు నష్టం వేరే ఉంది. వాడికి ఎక్కడ నొప్పిగా ఉందో ఇక నాకూ తెలియదు. అంతవరకూ ఒక్క కిటికీ అయినా ఉండేది. దాన్ని నేనే మూశానని జనం అంటే అననీ, మళ్లీ ఆ ఉదయం వస్తే మళ్లీ చెబుతాను. ఇంకా గట్టిగా చెబుతాను.

ఆ విడత మందు అయ్యాక ఇంటికి పంపారు. పంపేముందు డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో రోగాన్ని అడ్డుకునే బలం ఇప్పుడు లేదు. జనం మధ్య ఉండకూడదు. పచ్చి పండ్లు వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, జ్వరం. ఒళ్లు కాస్త వెచ్చబడ్డా వెంటనే రావాలి, ఇంట్లో మాత్ర వేసుకుని తగ్గించుకోకూడదు. వాడు ప్రతి మాటకూ చేతులు కట్టుకుని "సరీంగ" అన్నాడు.

ఇప్పుడు మా వాళ్ల సంగతి చెప్పాలి. మాలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే చూడను పోవాలి. పోకపోతే పదేళ్లు చెప్పుకుంటారు. వచ్చినవాళ్లను భోజనం పెట్టకుండా పంపకూడదు. పంపితే ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు. వడ్డన దగ్గర ఇంటాయన నిలబడాలి. ఇంటాయన రోగి అయితే ఏం చెయ్యాలో పెద్దలు ఆలోచించి పెట్టలేదు.

అమ్మణి నన్ను వాకిట్లో కూర్చోబెట్టింది. ఎవరు వచ్చినా వెనక్కి పంపడం నా పని. పెరియకుళం నుంచి వచ్చారు, పంపాను. పక్క ఊరివాళ్లు వచ్చారు, పంపాను, రెండు వైపులా పేరు పాడు చేసుకున్నాను. ఒక ముసలమ్మ "నేను తొట్టిలో వేసి ఊపిన బిడ్డ, నువ్వెవడివి నిలబెట్టను?" అంది. భౌతికశాస్త్రం అని చెబితే బాగుండదని ఊరుకున్నాను.

పెరియకుళం అవతలి కంబం నుంచి వాడి బావ వ్యాను కట్టుకుని వచ్చాడు, ఇంటిల్లపాదితో, రెండు గంపల ద్రాక్షతో. సొంత తోట.

"డాక్టరు వద్దన్నారండి" అన్నాను.

"ఓరంగా నిలబడి ఒక తూరి చూసేసి పోతాం. పండు పెట్టేసి పోతాం. అంతే."

లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఎవురు, బావా? ఏం వాకిట్లోనే నిలబడిపోయినారు? రాండి, రాండి! ఆయన అట్లనే చెప్తాడు, మీరు రాండి!"

వ్యాను మొత్తం నా కుర్చీ పక్కనుంచి లోపలికి వెళ్లిపోయింది. చివర్లో వెళ్లినామె పాపం నా చేతిలో ఒక గుత్తి ద్రాక్ష పెట్టింది.

లోపలికి వెళ్లి చూస్తే వాడు, ఆ ఉక్కలో, ఊలు స్వెటరు తొడుక్కుని, ఆకుల వరస మధ్య నిలబడి రసం గరిటె పట్టుకుని ఉన్నాడు. రసం ఆకులో కన్నా చాప మీద ఎక్కువ పడుతోంది. ఎవరూ గమనించనట్టు చాలా మర్యాదగా తింటున్నారు.

"జ్వరమారా?" అన్నాను. తెలుగులోనే. నా పౌరుషం ఆ గరిటె చూడగానే పోయింది.

"ఇల్లీంగ సార్. ఉక్కారుంగ, సాప్పుడుంగ." కూర్చుని తినండి అని.

చెయ్యి పట్టుకోబోతే గరిటె రెండో చేతికి మార్చుకున్నాడు. అమ్మణి థర్మామీటరు తెచ్చింది. అందరి ముందూ నాలుక కింద పెట్టుకుని, మాట్లాడలేక, కళ్లతోనే బావను ఇంకో వడ్డన వేసుకోమన్నాడు. జ్వరం లేదని వచ్చింది. థర్మామీటరు కూడా వాడి దగ్గర మర్యాద నేర్చుకుంది. చుట్టాలు వచ్చేముందు మాత్ర మింగాడు. అంతకు ముందు రోజు కూడా మింగాడు. ఆ సంగతి మరునాడు అమ్మణి వాడి చొక్కా ఉతకబోతే, జేబులో ఖాళీ మాత్రల అట్ట దొరికి తెలిసింది. ఆ సరికి వాడు మూడు దుప్పట్ల కింద పళ్లు కొట్టుకుంటూ ఉన్నాడు.

కారులో కోయంబత్తూరు ఆసుపత్రికి తీసుకువచ్చాం. వాడు దిగేటప్పుడు డ్రైవరుకు భోజనవేళ ఇబ్బంది పెట్టామని క్షమాపణ చెప్పాడు.

ఆ వారంలోనే పోయాడు. దాని గురించి నేను రాయగలిగింది ఏమీ లేదు. అమ్మణి ఏడవలేదు, చాలామందికి భోజనాలు పెట్టింది. నేను ఎవరితోనో పోట్లాడాను, ఎవరితోనో గుర్తు లేదు.

కానీ దానికి ముందు ఒక మధ్యాహ్నం ఉంది.

ఐసీయూ బయట కూర్చుని ఉంటే డాక్టరమ్మ తలుపు తెరిచి నన్ను పిలిచింది. "సార్, ఆయన పొద్దున్నుంచీ ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. మాకు అర్థం కావడం లేదు. నర్సులు మంత్రాలేమో అనుకున్నారు. తెలుగా?"

టోపీ, ముసుగు, పచ్చ గౌను తగిలించి లోపలికి పంపారు. వాడి ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పక్కన నిలబడ్డ నర్సు చెయ్యి పట్టుకుని, ఎంతో ఓపికగా, ఒక్కొక్కటే చెబుతున్నాడు.

"అరికాళ్లు మండతా ఉండాదమ్మా. మొన్న మా బావోళ్లు రాకముందే జొరం. మాత్ర వేసుకునేస్తిని. గొంతులో అంతా పుండు, ఎంగిలి మింగను కాలా. గాలి తీస్తే ఈడ, ఎడమ పక్క, పొడస్తాది. రేత్రంతా కూచోనే ఉండా..."

ఆ పిల్ల తల ఊపుతోంది. కేరళ పిల్ల. ఒక్క ముక్క తెలియదు. ఇన్నాళ్లుగా ఆ ఆసుపత్రి మొత్తం అడిగినదంతా వాడు చెబుతున్నాడు, అడగకుండానే చెబుతున్నాడు, దాచకుండా, తగ్గించకుండా, వినగలిగినవాళ్లు ఎవరూ లేనిచోట.

డాక్టరమ్మ కలం తీసింది. "ఒక్కొక్కటే చెప్పండి సార్. మెల్లగా."

నేను మంచం ఇవతల నిలబడి తమిళంలో మొదలుపెట్టాను. కాళ్లు మంటగా ఉన్నాయంటున్నాడు అన్నాను.

వాడి కళ్లు నా గొంతు వైపు తిరిగాయి. పోల్చుకున్నాడు. ముసుగులో ఉన్నా పోల్చుకున్నాడు. మళ్లీ వీధిలో పెట్టానని గోడ వైపు తిరుగుతాడనుకున్నాను. సెలైన్ సూది ఉన్న చేత్తోనే మాస్కు పక్కకు లాగాడు.

"కాళ్లు కాదురా. అరికాళ్లు. సరిగ్గా చెప్పు."

"ఉళ్ళంగాలుంగ" అని దిద్ది చెప్పాను. డాక్టరమ్మ కొట్టేసి మళ్లీ రాసుకుంది. అది రాసేదాకా వాడు ఆగి చూశాడు. నర్సు మాస్కు సర్ది పెట్టింది. వాడు తరవాతది చెప్పడానికి ఊపిరి కూడదీసుకున్నాడు.